నాలుగు లైన్ల ప్రోగ్రాంకి ఎన్ని మార్కులు?

మా కాలేజీలో ఒక ప్రోగ్రాంకి ఎన్ని మార్కులు వెయ్యాలో తేల్చడానికి కంప్యూటరు అక్కర్లేదు, స్కేలు చాలు. రికార్డులో ఒక పేజీ నిండితే పాసు. పేజీ తిప్పితే ఫస్టు క్లాసు. ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్‌ని పెన్సిలుతో రాసి చుట్టూ డబ్బా గీస్తే ఇక తిరుగులేదు. ప్రోగ్రాం నడుస్తుందా లేదా అన్న సందేహం ఎవరికీ వచ్చేది కాదు. ఒకవేళ వచ్చినా ఆ సమయానికి కరెంటు ఉండేది కాదు కాబట్టి సందేహం సందేహంగానే మిగిలిపోయేది.

ఇప్పుడు చేతిలో ఫోనే కంప్యూటరైపోయిన మీకు ఇదంతా వింతగా ఉంటుంది. అందుకే రాస్తున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో, ఒక తేలికైన భాషని పిల్లలకి నేర్పిద్దామని నేను చేసిన ప్రయత్నం ఎలా విజయవంతమైందో చెబుతాను. విజయం అంటే ఎంత భయంకరంగా ఉంటుందో మీకూ తెలియాలి కదా.

నేను ఉద్యోగంలో చేరింది లెక్కల లెక్చరర్‌గా. కాలేజీకి కంప్యూటర్లు వచ్చినప్పుడు, లెక్కలవాడికి లెక్కల యంత్రం అప్పజెప్పడం న్యాయమే కదా అని మా ప్రిన్సిపాల్ గారు నన్ను ల్యాబు ఇన్‌ఛార్జిని చేశారు. ఆ లెక్కన కెమిస్ట్రీ ఆయనకి క్యాంటీను అప్పజెప్పాలి, కానీ అది ఎందుకో చెయ్యలేదు. కాలేజీ మొత్తం మీద ఏసీ ఉన్నవి రెండే గదులు, ఒకటి ప్రిన్సిపాల్ గారిది, రెండోది ల్యాబు. పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లు. దసరాకి పెట్టిన కుంకుమబొట్లు వేసవి సెలవుల దాకా మానిటర్ల మీద అలాగే ఉండేవి. వచ్చినవాళ్లు యంత్రాన్ని కళ్లారా చూసి, ఒకటి రెండు మీటలు భక్తిగా నొక్కి, వెళ్లిపోయేవాళ్లు. ముట్టుకుంటే పాడవుతుందని మేమే చెప్పాం.

అప్పట్లో ప్రోగ్రాములంటే సీ భాషే. నీలం తెర మీద రెండు అంకెలు కలపాలంటే ముందు నాలుగైదు లైన్ల మంగళాచరణం ఉండేది. అదెందుకని పిల్లలు అడిగితే “రాయాలి, అంతే” అని చెప్పేవాళ్లం. మేం చదువుకున్నప్పుడు మాకూ అలాగే చెప్పారు. తర్వాత లైను చివర పెట్టాల్సిన సెమీకోలన్ ఎక్కడో ఒకటి తప్పిపోయేది. దాన్ని వెతుక్కుంటూ మిగతా ఏడాది గడిచిపోయేది. బోటనీ, జువాలజీ పిల్లలు ఆ గుమ్మం దరిదాపులకి కూడా వచ్చేవాళ్లు కాదు.

ఒక వేసవిలో కంప్యూటరు పత్రికతో పాటు ఉచితంగా ఒక సీడీ వచ్చింది. అందులో పైథాన్ అనే భాష ఉంది. ఇంట్లో ఎక్కించి చూశాను. రెండు అంకెలు కలపమంటే ఒక్క లైన్లో కలిపేసింది. మంగళాచరణం లేదు, సెమీకోలన్ లేదు. ఇంత తేలిగ్గా అయిందంటే ఎక్కడో మోసం ఉండి ఉంటుందని కాగితం మీద వేసి చూసుకున్నాను. జవాబు సరిగ్గానే ఉంది. నాకు ఆ రోజు కలిగిన ఆనందం చెప్పలేను. కొత్త బట్టలు కొన్న పిల్లాడిలా ఎవరికి చూపిద్దామా అని సెలవులు అయ్యేదాకా తహతహలాడాను.

చూపించాను. ప్రిన్సిపాల్ గారు మొదట ఖరీదెంత అని అడిగారు. ఉచితం అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది.

“ఉచితంగా వచ్చేదాన్ని మనం ప్రవేశపెట్టడం ఏంటండీ? కొటేషన్లు పిలవద్దా?”

కొటేషన్లు పిలవడానికి అమ్మేవాడు లేడని నచ్చచెప్పడానికి నాకు నెలా పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత, పైథాన్ అంటే కొండచిలువ కదా, ఆయనకి ఆ పాము పేరు నచ్చలేదు. ప్రారంభోత్సవం ఆహ్వాన పత్రిక మీద పాము పేరు వేస్తే కరస్పాండెంటు గారు ఏమనుకుంటారో అన్నారు. కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పే లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడు, నన్ను మాస్టారూ అనే పిలిచేవాడు. ఆయన అభ్యంతరం ఇంకా లోతైనది. సెమీకోలన్ లేకుండా పెంచితే పిల్లలకి క్రమశిక్షణ ఎక్కడినుంచి వస్తుంది మాస్టారూ అని దిగులుపడ్డాడు. నిజంగానే దిగులుపడ్డాడు, పాపం. ఇన్‌ఛార్జిని నేనైనా ల్యాబు తాళం ఆయన మొలతాడుకే ఉండేది కాబట్టి ఆ దిగులుని నేను గౌరవించాల్సి వచ్చింది.

నా మాట మొదటిసారి శ్రద్ధగా విన్నది జువాలజీ మేడం ఒక్కరే. దానికి కారణం నా వాక్చాతుర్యం కాదు, ఆవిడ కష్టం. ఆవిడది భీమవరం. అక్కడి రొయ్యల చెరువుల మీద ఆవిడకి ఒక పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. తేలిందంటే ఆ రైతు పంట అయిపోయినట్టే. ఏ చెరువులో పడిపోతోందో కనిపెట్టడం ఆవిడ పని. రైతుల్ని బతిమాలి, మీ చెరువు సంగతేంటో మీకు చెబుతానని మాటిచ్చి, ఒక పంట కాలమంతా ప్రతిరోజూ కొలతలు తీయించారు. ఆ కొలతలన్నీ ఫ్లాపీల్లో ఎక్కించి యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరుకి పంపారు. సెంటరువాళ్లు వాటిని వరసలో పెట్టారు. ఆ వరస అప్పటికి ఏడాదిగా కదల్లేదు.

ఈలోగా ఆవిడ శనివారం సాయంత్రం ఇంటికెళ్లే బస్సులోనే ఆ రైతులూ ఎక్కేవాళ్లు. “మేడం గారూ, మా చెరువు సంగతి ఏమన్నా తేలిందాండీ?” అని మర్యాదగానే అడిగేవాళ్లు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. ఇక ఈ బస్సు మానేసి రైలెక్కుదామనుకుంటున్నానండి, అని నాతో ఒకసారి అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు.

ఆ ప్రాజెక్టులో సహాయకురాలి పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఫైనలియర్ జువాలజీలో ఒక అమ్మాయిని ఆవిడ మనసులో పెట్టుకున్నారు. ఆ అమ్మాయిది కోనసీమలో ఒక పల్లెటూరు. తండ్రి పౌరోహిత్యం చేస్తారు, ఇళ్లల్లో సత్యనారాయణ వ్రతాలు చేయిస్తారు. డిగ్రీ అయ్యాక ఆ అమ్మాయిని పైకి చదివించే ఓపిక ఆ ఇంటికి లేదు. పోస్టు వస్తే రీసెర్చిలో నిలబడుతుంది, రాకపోతే జూన్‌లో ఊరికి వెళ్లి ఏదో ఒక కాన్వెంట్లో ఒకటో తరగతికి రైములు నేర్పుకుంటుంది. పోస్టుకి ఒక షరతు ఉంది. కంప్యూటర్ కోర్సులో ఫస్టు క్లాసు సర్టిఫికెట్ ఉండాలి. ఆ అమ్మాయికి కంప్యూటరంటే చెప్పులు బయట విడిచే గది అని మాత్రమే తెలుసు.

అలా మేడం నా వెంట ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చారు. ఇద్దరం కలిసి అడిగేసరికి ఆయన మెత్తబడ్డారు. సైన్సు పిల్లలకి సాయంత్రాలు ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టుకోమన్నారు. ఏడాది చివర బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వస్తారు, ఆయన బాగుందంటే వచ్చే ఏడు ఉంటుంది, బాగాలేదంటే ఆ పాముని మళ్లీ నా కంట పడనివ్వకండి అన్నారు.

నోటీసు బోర్డు మీద పైథాన్ కోర్సు అని రాయగానే మొదటిరోజు ఇద్దరు డిసెక్షన్ బాక్సులతో వచ్చారు. వాళ్లకి నచ్చచెప్పి కూర్చోబెట్టాను. మేడం కూడా వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్నారు. పురోహితుడి కూతురు ఒక్క వేలితో మీటలు వెతుక్కుంటూ కొట్టేది. ఏమీ అడిగేది కాదు. నేను అడిగితే మాత్రం సరైన జవాబు చెప్పి తల దించుకునేది. రెండు నెలల్లో మిగతావాళ్లు నేను చెప్పిన ప్రోగ్రాములు రాస్తుంటే ఈ అమ్మాయి నేను చెప్పనివి రాయడం మొదలుపెట్టింది.

నేను ఉపన్యాసాలు బాగానే దంచాను. చెప్పాల్సింది ఎంత పొట్టిగా చెబితే అంత తెలివి అన్నాను, అదే విషయాన్ని గంటసేపు చెప్పాను. ఒకే పని పదిసార్లు చెయ్యాలంటే పది లైన్లు రాయక్కర్లేదు, మళ్లీ చెయ్యి అని ఒక్క మాట చెబితే యంత్రమే చేసుకుంటుంది అని చూపించాను. పిల్లలు తలూపారు. తర్వాత ఒకరోజు రికార్డులు దిద్దడానికి తెరిస్తే, పదిహేడో ఎక్కం రాయడానికి ఒక కుర్రాడు ప్రతి వరసకీ విడివిడిగా ఒక లైను రాశాడు. పేజీ నిండింది, తిప్పాడు కూడా. ఇదేంట్రా, రెండు లైన్లలో వచ్చేదానికి, అని అడిగాను. రెండు లైన్లు రాస్తే మార్కులెవరు వేస్తారండీ అన్నాడు. కంప్యూటర్ లెక్చరర్ దగ్గర సలహా తీసుకున్నారట. తరగతిలో ముప్పావు భాగం అలాగే రాశారు. నేను కోప్పడ్డాను. వాళ్లు జాలిగా చూశారు. లోకజ్ఞానంలో వాళ్లు నాకంటే బాగా ముందున్నారు.

నా మాట నమ్మి పొట్టిగా రాసింది పురోహితుడి కూతురు ఒక్కతే. ఆ అమ్మాయి రికార్డు చూస్తే మధ్యలో పేజీలు చింపేశారేమో అనిపించేది.

పరీక్ష రోజు వచ్చింది. ఎగ్జామినరు వస్తున్నారంటే మా కాలేజీలో అది దాదాపు పెళ్లివారి రాక. స్టేషన్‌కి కారు వెళ్లాలి. దిగగానే పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం గుత్తొంకాయతో భోజనం, వెళ్లేటప్పుడు ఆత్రేయపురం పూతరేకుల ప్యాకెట్లు. పిల్లలకి ఏం వచ్చో రాదో గానీ పూతరేకులు నేతివా కావా అన్నది రెండు రోజుల ముందే తేలాలి. ఎగ్జామినరు గారు పెద్దమనిషి, ఇంకో జిల్లాలో పెద్ద కాలేజీ. తెల్లటి పంట్లాం, జేబులో మూడు పెన్నులు. ఏసీకి సరిగ్గా ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు.

రికార్డులు ఆయన ముందు పేర్చాం. ఆయన ఒక్కోటీ తీసి, తెరవకముందే అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించేవారు. కొబ్బరికాయలు కొనేవాళ్లు అలా చూస్తారు. తర్వాత తెరిచి పేజీలు తిప్పేవారు. పదిహేడో ఎక్కం కుర్రాడికి ఎనభై వేశారు. మంచి కృషి ఉందండి అని నాతో అన్నారు. నేను చిరునవ్వు నవ్వాను. నవ్వక చేసేదేముంది.

పురోహితుడి కూతురు రికార్డు చేతిలో పెట్టుకోగానే ఆయన నొసలు ముడిపడ్డాయి. తెరిచారు. అటూ ఇటూ తిప్పారు. వెనక అట్ట తీసి చూశారు.

“మిగతాది ఏదండీ?”

“అంతేనండి. అదే ప్రోగ్రాం” అన్నాను.

“ప్రోగ్రామా? నేనింకా ప్రోగ్రాం పేరనుకున్నానండి.”

ఇదే పని ఆ కుర్రాడు రెండు పేజీల్లో చేశాడు, ఈ అమ్మాయి రెండు లైన్లలో చేసింది, జవాబు ఒకటే అని వివరించబోయాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఇంత కృషి చేసినవాడికీ చెయ్యనివాడికీ తేడా చూపించకపోతే మనం ఎగ్జామినర్లం ఎందుకండీ అని అడిగారు. నిజం చెప్పాలంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెన్సిలుతో ముప్పై అయిదు అని రాశారు. ఫస్టు క్లాసుకి అరవై కావాలి. ఆ అమ్మాయి యంత్రం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పెన్సిలు ఎటు కదిలిందో చూసింది. నా పాఠం నమ్మినందుకు ఆ అమ్మాయికి పడిన శిక్ష అది. నేను గొంతు పెంచాను. ప్రిన్సిపాల్ గారు నా భుజం మీద చెయ్యేసి, వంకాయ చల్లారిపోతుంది రండి అన్నారు.

భోజనాలయ్యాయి. బయట మార్చి ఎండ పెళపెళలాడుతోంది. ఎగ్జామినరు గారి రైలు బండి నాలుగింటికని పిల్లలకి నేనే చెప్పాను. ఏసీ వదిలి వెళ్లే ఉద్దేశం ఆయనకి లేదు. అప్పుడు జువాలజీ మేడం ఒక ఫ్లాపీ పట్టుకుని వచ్చారు. ఉదయం సంగతి ఆవిడకి నేనే చెప్పాను. ఆవిడ నాలాగా గొంతు పెంచలేదు. చాలా మర్యాదగా, మార్కులు ఇంకా పెన్సిలుతోనే ఉన్నాయి కదండీ, మీరుండగా ఈ అమ్మాయికి ఒక నిజం లెక్క ఇచ్చి చూద్దామా, నా చెరువుల కొలతలున్నాయి, అని అడిగారు. నిజం లెక్క అన్న మాట ఆయనకి నచ్చింది. కానివ్వండి, టైముందిగా అన్నారు.

లెక్క ఇది. ఫ్లాపీలో ప్రతి వరసకీ చెరువు నంబరూ, తేదీ, ఆక్సిజన్ కొలతా ఉన్నాయి. అవి వెయ్యికి పైగా వరసలు. ఏ చెరువుల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోతోందో తేల్చాలి. యూనివర్సిటీ సెంటరు ఏడాదిన్నరగా తేలుస్తున్న సంగతే.

ఆ అమ్మాయి ఒక్క వేలితో నాలుగు లైన్లు కొట్టింది. ఫైలు తెరువు, ఒక్కో వరసా చదువు, కొలత తక్కువగా ఉంటేనే రాయి. అంతే. మీట నొక్కింది. తెర మీద ఏడెనిమిది వరసలు వచ్చి ఆగాయి. నేను వెనకే నిలబడి చూశాను. వచ్చిన వరసలన్నిటిలోనూ తిరిగి తిరిగి అవే రెండు చెరువుల నంబర్లు. ఏడాదిన్నర వరస అక్కడ ఒక్క క్షణంలో కదిలింది. నాకు కేక పెట్టాలనిపించింది.

ఎగ్జామినరు గారు కుర్చీలోంచి మెడ చాచారు.

“అయిందా అమ్మా? ఇంతేనా?”

ఆ అమ్మాయి తెరని చూడలేదు, ఆయన ముఖాన్ని చూసింది. తర్వాత, ఒక్క నిమిషం అండి, అని మళ్లీ యంత్రం వైపు తిరిగింది. కొలత తక్కువగా ఉంటేనే అన్న లైను ఉంది చూశారూ, దాన్ని తీసేసి, కింది లైనుని కాస్త వెనక్కి జరిపింది.

ఆ లైనే జల్లెడ. అది తీసేస్తే బియ్యమూ రాళ్లూ కలిసి వచ్చేస్తాయి. భయంతో చేతులాడక తీసేసిందనుకున్నాను. వద్దమ్మా అనబోయేలోపు వచ్చినదాన్నంతా ప్రింటరుకి పంపేసింది.

మా డాట్ మాట్రిక్స్ ప్రింటరు గురించి మీకు చెప్పాలి. రెండంచులకీ చిల్లులున్న కాగితం, మడతల మీద మడతలుగా పెట్టెలోంచి పైకి వస్తుంది, ఎక్కడా తెగదు. అది కర్రుమని మొదలుపెట్టింది. కాగితం బల్ల మీదికి వచ్చింది, బల్ల అంచు దాటింది, నేల మీదికి జారింది. ఆగలేదు. ఏ చెరువు, ఏ తేదీ, ఎంత కొలత, మంచివీ చెడ్డవీ అన్నీ వరసగా దిగుతూ కుర్చీ దాకా పాక్కుంటూ వెళ్లి ఎగ్జామినరు గారి బూట్లని తాకింది. ఆయన కాళ్లు పైకి తీసుకున్నారు. ముందు భయపడ్డారు, తర్వాత ముఖం విప్పారింది. లేచి, కాగితం కొస రెండు చేతులతో పట్టుకుని, గుమ్మం దాకా నడిచారు. అక్కడినుంచి వెనక్కి తిరిగి ఆ పొడుగంతా చూశారు. ఒక్క అంకె చదవలేదు.

“ఇదండీ ప్రోగ్రాం అంటే” అన్నారు.

వచ్చి కూర్చుని, రబ్బరుతో పెన్సిలు అంకె చెరిపి, మూడు పెన్నుల్లో మంచి పెన్ను తీసి తొంభై రెండు వేశారు. కంప్యూటర్ లెక్చరర్ నా చెవి దగ్గరికి వచ్చి, సెమీకోలన్లు లేకుండానే ఇంత వచ్చిందా మాస్టారూ, అని అడిగాడు. ఆ క్షణంలో ఆయన మతం మారిపోయింది. ప్రిన్సిపాల్ గారు ప్రింటరుకి నమస్కారం పెట్టినంత పని చేశారు.

అందరూ కాగితం చుట్టూ ఉండగా ఆ అమ్మాయి గుమ్మం దగ్గరున్న మేడం పక్కకి వెళ్లింది. చిన్న గొంతుతో, “ఆరో నంబరూ, పదిహేనో నంబరూ అండి మేడం. మిగతావన్నీ బానే ఉన్నాయండి” అంది. మేడం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. జల్లెడ తీసేముందే ఆ పిల్ల జవాబు చదివి పెట్టుకుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ శనివారం మేడం పాత బస్సే ఎక్కారు. కిటికీ వైపు తిరక్కుండా కూర్చుని, ఆ రెండు చెరువుల రైతు ఎక్కగానే తనే పిలిచి చెప్పారట. ఆయనేమన్నారో సోమవారం నాకు చెప్పి ఒకటే నవ్వారు. “ఇంతేనాండీ? అన్నాళ్లు లెక్కలు కట్టి రెండు నంబర్లేనా?” అన్నారట. ఎగ్జామినరు గారిని ఒక్కర్ని అని ఏం లాభం చెప్పండి. అయినా ఆ రైతు ఎందుకైనా మంచిదని మంచి చెరువుల్లో నీళ్లు చిలికి గాలి కలుపుతూ తిరుగుతున్న ఏరేటర్లని తీసి ఆ రెండింటిలో దింపారు. ఆ పంటకి ఆ రెండింటిలోనూ రొయ్య తేలలేదు. మేడం గారు కంప్యూటర్లో చూసి చెప్పారంట అని తర్వాత బస్సంతా చెప్పుకుంది.

అమ్మాయికి పోస్టు వచ్చింది. ఇప్పుడు తనే నలుగురి చేత పరిశోధన చేయిస్తోంది. మంచి భాషని విద్యాసంస్థల్లోకి ఎలా వ్యాప్తి చెయ్యాలి అని మీలో కొందరు సెమినార్లు పెడుతున్నారని విన్నాను. మా అనుభవం రాసుకోండి. ఎగ్జామినరు గారు తన నివేదికలో, ఈ భాష వల్ల విద్యార్థులు విస్తారమైన అవుట్‌పుట్ సాధించగలుగుతున్నారు, అన్ని గ్రూపులకీ తప్పనిసరి చెయ్యాలి, అని రాశారు. తప్పనిసరి చేశారు. మరుసటి ఏటి నుంచి కంప్యూటర్ లెక్చరరే పాఠం చెప్పాడు, నాకంటే ఉత్సాహంగా చెప్పాడు. ఒక నియమం కూడా వచ్చింది. ప్రతి ప్రోగ్రాం అవుట్‌పుటూ మూడు పేజీలకి తగ్గకూడదు. పక్క ఊళ్ల కాలేజీలవాళ్లు వచ్చి చూసి, ఆ నియమంతో సహా పట్టుకెళ్లారు. రెండేళ్లు తిరిగేసరికి చుట్టుపక్కల మా భాష చెప్పని కాలేజీ లేదు, ప్రింటరు కాగితం దొరికే షాపూ లేదు.

రిటైరవబోయే ముందు నన్ను ఆ ఎగ్జామినరు గారి కాలేజీకే ఎగ్జామినరుగా పిలిచారు. పెసరట్టు బాగుంది. ల్యాబులో అద్దాల బీరువాలో మన కాగితం కట్ట ఉంది, మడతలు మడతలుగానే, పైన ఒక కుంకుమబొట్టు. ఆయన ఆ రోజు అడిగి పట్టుకెళ్లారు లెండి. అప్పటికి ఆయన రిటైరైపోయారు. ఇదేంటని అక్కడి కుర్ర లెక్చరర్‌ని అడిగాను. మోడల్ ప్రోగ్రాం అండి, పాతది, చాలా గొప్పదంటండి అన్నాడు. ఏం ప్రోగ్రాం అది, ఎప్పుడన్నా విప్పి చూశారా అన్నాను. విప్పితే మడతలు పోతాయి కదండీ అన్నాడు. ఆ రోజు నేను మార్కులు ఎలా వేశానని అడక్కండి. అందరికీ తొంభై రెండే వేశాను.

పరీక్షనాటి సాయంత్రం సంగతి ఒకటి మిగిలిపోయింది. పూతరేకులతో సహా ఎగ్జామినరు గారిని బండెక్కించి తిరిగొస్తుంటే ఆ అమ్మాయి కాలేజీ ముందు రావులపాలెం వెళ్లే బస్సు కోసం నిలబడి ఉంది. ఇంట్లో చెప్పడానికి వెళ్తోంది. సంతోషంగానే ఉన్నా నాకు లోపల ఏదో గుచ్చుకుంటోంది. ఏడాదంతా పొట్టిగా రాయమని చెప్పింది నేను. చివరికి ఆ అమ్మాయిని గట్టెక్కించింది పొడుగు. ఆగి అడిగాను, ఆయనకి లొంగి ఆ లైను తియ్యడానికి నీకు బాధనిపించలేదా అమ్మా, అని.

ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది. అందులో బాధపడే సంగతేంటో తనకి అర్థం కాలేదు.

“మా నాన్నగారు వ్రతం చేయించడానికి కూర్చున్నాక, చుట్టాల బస్సు ఎన్నింటికని ముందు అడుగుతారండి. టైముందంటే మధ్యమధ్యలో కబుర్లు చెప్పి రెండు గంటలు చేయిస్తారు. లేదంటే ముప్పావుగంటలో హారతి ఇచ్చేస్తారు. ఈయన బండి నాలుగింటికని మీరే అన్నారు కదండీ.”

“మరి కథ?” అన్నాను.

“కథ ఐదు అధ్యాయాలూ ఎప్పుడైనా ఐదేనండి సార్. అందులో ఒక్క ముక్క కూడా వదలరు” అంది. అప్పుడే బస్సు వచ్చింది.